గుర్రం నడిచినా కథ పరిగెడుతుంది: వెస్టర్న్ నవల వేగం వెనక లెక్కలు

క్లుప్తంగా: వెస్టర్న్ నవలను ఒక్క రాత్రిలో చదివించేది తుపాకీ కాల్పులేనని చాలామంది అనుకుంటారు. కాల్పులు ఉండేది కొద్ది పేజీల్లోనే. మనిషికీ మనిషికీ మధ్య దూరం, చట్టం చెయ్యి అందని నేల, అలసిపోయే గుర్రం, అక్కర్లేని మాట మాట్లాడని కథకుడు, ఈ నాలుగూ కలిసి ఆ వేగాన్ని పుట్టిస్తాయి. చవక పుస్తకాల వ్యాపారం దాన్ని పెంచింది. ఆ వేగమే కొన్ని ప్రశ్నలను పక్కకు నెట్టేసింది కూడా. 1968 నాటి 'ట్రూ గ్రిట్' నవలను ఉదాహరణగా తీసుకుని ఈ లెక్కను విప్పి చూసే ప్రయత్నమిది.

పేరుతోనే మొదలయ్యే తికమక

తెలుగులో 'వెస్టర్న్ నవల' అనగానే చాలామందికి 'పాశ్చాత్య నవల' అని స్ఫురిస్తుంది. లండన్‌లో జరిగే అపరాధ పరిశోధన, ప్యారిస్ ప్రేమకథ, అన్నీ ఆ మాట కిందికి వచ్చేస్తాయి. అమెరికా వాడుకలో ఆ మాట పరిధి చాలా చిన్నది. మిసిసిపీ నదికి పడమట, ముఖ్యంగా అక్కడి అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచి 1890 దాకా, పశువుల మందలు, గుర్రాలు, నిన్నగాక మొన్న వెలిసిన ఊళ్లు, ఇంకా కుదురుకోని చట్టం. ఈ చట్రంలో నడిచే కథే వెస్టర్న్. దిక్కును బట్టి పుట్టిన పేరు ఒక కాలానికీ, ఒక రకం కథకూ స్థిరపడిపోయింది.

తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఈ రకం కథ పుస్తకం కన్నా ముందు వెండితెర మీదే పరిచయమైంది. 1971లో కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. కథ, మాటలు ఆరుద్రవి. ఎడారి రాజస్థాన్‌ది. వెనక ఉన్న ప్రభావం ఇటలీ దర్శకులు తీసిన అమెరికా కథలది. అసలు సరుకు ఇన్ని చేతులు మారి మనదాకా వచ్చిందన్నమాట. సినిమాలో వేగం కత్తిరింపుల నుంచి, నేపథ్య సంగీతం నుంచి, తెర నిండా చూపించే కళ్ల నుంచి వస్తుంది. ఆ జ్ఞాపకంతో నవల తెరిచినవారికి మొదట ఎదురయ్యేది గుర్రాల బేరం, కోర్టు వాంగ్మూలం, బసకు అద్దె, ఏరు దాటడానికి బల్లకట్టు. ఒక్క తూటా పేలకుండానే పదుల పేజీలు గడిచిపోవచ్చు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

ఇరవై ఏళ్ల చరిత్ర, వందేళ్ల కథ

ఈ కథలకు ఆధారమైన చరిత్ర ఆశ్చర్యపరిచేంత పొట్టిది. టెక్సాస్‌లో నాలుగు డాలర్లు పలికే పశువు ఉత్తరాదిన నలభై దాకా పలికేది. ఆ తేడా కోసమే వేల పశువులను వందల మైళ్లు తోలుకుపోయారు. 1867లో కాన్సస్‌లోని అబిలీన్ రైలు స్టేషను పశువుల సంతగా మారింది. 1874లో ముళ్లతీగకు పేటెంటు వచ్చింది, బయలు నేలకు కంచెలు పడ్డాయి. 1886-87 చలికాలం మందలకు మందలను చంపేసింది. అంతటితో ఆ యుగం దాదాపు ముగిసింది. మొత్తం కలిపితే రెండు దశాబ్దాలు. ఉత్తరాలు మోసే గుర్రపు తపాలా, పోనీ ఎక్స్‌ప్రెస్, ఇంకా తక్కువ కాలం బతికింది. 1860 ఏప్రిల్‌లో మొదలై, టెలిగ్రాఫ్ తీగలు కలవడంతో 1861 అక్టోబరులో ఆగిపోయింది.

హింస విషయంలోనూ కథకూ రికార్డుకూ పొంతన తక్కువ. రాబర్ట్ డైక్‌స్ట్రా అనే చరిత్రకారుడు కాన్సస్‌లోని ఐదు పశువుల సంత ఊళ్ల రికార్డులు తిరగేసి, 1870 నుంచి 1885 దాకా 45 హత్యలు లెక్క తేల్చాడు. ఊరికి, ఏడాదికి చూస్తే ఒకటి కూడా సరిగ్గా పడదు. జగత్‌ప్రసిద్ధమైన ఓకే కొరాల్ కాల్పులు 1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో జరిగాయి. అవి సాగింది సుమారు ముప్పై సెకన్లు, చనిపోయింది ముగ్గురు. ఆ గొడవ వెనక ఉన్న కారణాల్లో ఒకటి, ఊళ్లో ఆయుధాలు పట్టుకు తిరగకూడదన్న మునిసిపల్ నిబంధన. వీధికి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడి ఎవరు ముందు తుపాకీ తీస్తారో తేల్చుకునే ద్వంద్వయుద్ధాలు నమోదైనవి చాలా అరుదు. 1865 జూలైలో మిసోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హికాక్, టట్ అనే ఇద్దరి మధ్య జరిగినది వాటిలో పేరుపడ్డది.

చరిత్ర సమకూర్చిన అసలు ముడిసరుకు దూరం. గుర్రం మీద మనిషి రోజుకు ముప్పై, నలభై మైళ్లు పోగలడు, అదీ నడకా చిన్న పరుగూ కలిపి. పూర్తి దౌడు రెండు మూడు మైళ్లకు మించి సాగదు. ఆపైనా తరిమితే గుర్రం కూలిపోతుంది. పోనీ ఎక్స్‌ప్రెస్ వాళ్లు పది పదిహేను మైళ్లకొకసారి గుర్రాన్ని మార్చింది అందుకే. ఆ ఏర్పాటుతోనే దాదాపు 1,900 మైళ్ల దూరానికి పది రోజులు పట్టేది. సామాన్యుడికి అలాంటి ఏర్పాటు లేదు. ఒక్క గుర్రం, దాని ఒంట్లో ఉన్నంత సత్తువ. ఎంత తొందరపడితే అంత త్వరగా ఆ సత్తువ అయిపోతుంది. వెంటాడే కథకు ఇంతకన్నా మంచి బిగింపు దొరకడం కష్టం. ఇప్పటి ఉత్కంఠ నవలలో పాత్ర విమానం ఎక్కితే పేరా మారేసరికి ఇంకో ఖండంలో దిగుతుంది. మధ్యలో ఏం ఖర్చయిందో పాఠకుడికి తెలియదు. వెస్టర్న్‌లో ప్రతి మైలుకూ ఒక ధర ఉంటుంది. నీళ్లు, మేత, లాడం ఊడిన డెక్క, చీకటి పడే వేళ, అన్నీ ఆ ధరలో భాగాలే.

పది సెంట్ల బడి

ఈ ముడిసరుకును పరుగుగా మలిచింది వ్యాపారం. 1860లో న్యూయార్క్‌లో బీడిల్ సంస్థ పది సెంట్ల ధరకు చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. వాటికే 'డైమ్ నవల'లని పేరు. మొదటిది యాన్ స్టీఫెన్స్ అనే రచయిత్రి రాసింది. వంద పేజీలకు అటూ ఇటూ, పలుచని అట్ట, జేబులో పట్టే సైజు. ఆ మరుసటి ఏడాదే అంతర్యుద్ధం రావడంతో శిబిరాల్లో సైనికులు వీటిని విపరీతంగా చదివారు. వంద పేజీల్లో కథ మొదలై ముగియాలంటే నాయకుడి తాత ముత్తాతల ప్రస్తావనకు చోటుండదు. మొదటి పేజీలోనే ఎవరో ఆపదలో పడాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ స్థానాన్ని నాసిరకం కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలు తీసుకున్నాయి. 1919లో మొదలైన 'వెస్టర్న్ స్టోరీ మ్యాగజైన్' పూర్తిగా ఈ రకం కథలకే అంకితం. మ్యాక్స్ బ్రాండ్ పేరుతో ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ ఫౌస్ట్ ఇలాంటి పత్రికలకు గుట్టలకొద్దీ రాశాడు. తనను తాను కవిగా భావించుకున్న ఈ మనిషి చాలాకాలం ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉంటూ అమెరికా పడమటి దిక్కు గురించి రాయడం ఈ రంగంలోని వింతల్లో ఒకటి. ఈ పత్రికలు మాటకు ఇంతని లెక్కగట్టి డబ్బిచ్చేవి. ఆ లెక్కన రచయిత సాగదీయాలి. కానీ సాగదీస్తే పాఠకుడు వచ్చే సంచిక కొనడు. ఈ రెండు ఒత్తిళ్ల మధ్య ఒక మధ్యేమార్గం తేలింది: సంఘటనలు ఎక్కువ, వివరణ తక్కువ, పొట్టి సంభాషణలు, అధ్యాయం చివర ఒక కొక్కెం.

ఈ కొక్కెం సంగతి తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 'సశేషం' అన్న మాట కింద వారం రోజులు ఊపిరి బిగబట్టిన తరాలు మనవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో అద్దె పుస్తకాల దుకాణాల మీదుగా ఇంటింటికీ తిరిగారు. రోజుకింత అని అద్దె కట్టే పాఠకుడికి త్వరగా ముగించడంలో ఆదా ఉంది. త్వరగా ముగిసే పుస్తకం దుకాణదారుకూ లాభమే. వేగం రుచికి సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది గానీ, దాని కింద జేబు లెక్క కూడా ఉంటుంది. అమెరికాలో పేపర్‌బ్యాక్‌లు వచ్చాక లూయీ లామూర్ ఆ లెక్కను శిఖరానికి తీసుకెళ్లాడు. 1953లో వచ్చిన 'హోండో' ఒక పత్రికా కథను పెంచి రాసిన నవల. ఆ తర్వాత 1988లో చనిపోయేదాకా ఏడాదికి రెండు మూడు చొప్పున రాస్తూ పోయాడు.

ఒక నవలను విప్పి చూస్తే

చార్లెస్ పోర్టిస్ 'ట్రూ గ్రిట్' 1968లో వచ్చింది. ముందు ఒక పత్రికలో కుదించి వేశారు, తర్వాత పుస్తకమైంది. రెండుసార్లు, 1969లోనూ 2010లోనూ, సినిమా తీశారు. కథ ఒక్క వాక్యంలో పట్టేస్తుంది: తండ్రిని చంపి పారిపోయినవాణ్ని పట్టుకోవడానికి పద్నాలుగేళ్ల మ్యాటీ రాస్ కాగ్‌బర్న్ అనే ఒంటికన్ను మార్షల్‌ను, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారిని, కుదుర్చుకుంటుంది. హత్య నవల మొదటి పేరాలోనే జరిగిపోతుంది. చంపినవాడి పేరు టామ్ చేనీ అని, జరిగిన ఊరు ఆర్కన్సాలోని ఫోర్ట్ స్మిత్ అని, పోయినవి తండ్రి ప్రాణం, గుర్రం, 150 డాలర్ల నగదు, నడుము దగ్గర దాచుకున్న రెండు కాలిఫోర్నియా బంగారు నాణేలని కథ చెబుతున్న మ్యాటీ దస్తావేజు రాసినట్టు చెప్పేస్తుంది. ఎవరు చంపారన్న మిస్టరీ లేదు. ఎందుకు చంపారన్న తత్వచింతన కూడా లేదు. మిగిలింది ఒక్కటే, వసూలు.

ఇక హంతకుడు ఎక్కడికి పోయాడు? ఫోర్ట్ స్మిత్ పక్కన నది దాటితే ఇండియన్ టెరిటరీ, అంటే నేటి ఓక్లహోమాలో చాలా భాగం. చాక్టా, చెరొకీ వంటి జాతులను తూర్పు నుంచి తరిమి అక్కడ పెట్టారు. ఆ జాతులకు సొంత కోర్టులు ఉండేవి, కానీ బయటివాళ్ల మీద వాటికి అధికారం లేదు. ఆర్కన్సా షెరీఫ్ నది దాటి రాలేడు. దాటగలిగింది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, మార్షల్ మనుషులు మాత్రమే. వాళ్లకు పని అప్పగించే జడ్జి ఐజాక్ పార్కర్ కల్పిత పాత్ర కాదు. 1875 నుంచి 1896 దాకా ఫోర్ట్ స్మిత్ కోర్టులో కూర్చుని 160 మందికి మరణశిక్ష వేశాడు, వాళ్లలో 79 మందిని ఉరితీశారు. ఇంత పెద్ద ప్రాంతానికి ఒకే కోర్టు, కొద్దిమంది డిప్యూటీలు. నేరం చేసినవాడు ఏరు దాటితే చాలు, చట్టం కదిలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఈ ఖాళీయే కథకు ఇంజను. చట్టం దగ్గరలో ఉంటే మ్యాటీ ఫిర్యాదు రాసి ఇంటికి పోయేది. అసలే లేకపోతే కథ ముఠా తగాదాగా మిగిలేది. ఉండీ అందకపోవడంలోనే ఉంది కిటుకు.

నవల చెప్పుకోదగ్గ మేరకు ఫోర్ట్ స్మిత్‌లోనే గడుస్తుంది. వెంటాడడం చాలాసేపటిదాకా మొదలే కాదు. అయినా కథ ఆగినట్టు అనిపించదు, ఎందుకంటే ప్రతి దృశ్యంలోనూ ఒక బేరం నడుస్తుంటుంది. తండ్రి కొన్న గుర్రాలను వెనక్కి తీసుకోమని మ్యాటీ స్టోన్‌హిల్ అనే వ్యాపారితో పడే వాదన ఈ పుస్తకంలో అందరూ గుర్తుపెట్టుకునే ఘట్టం. అటు ముదిరిన వ్యాపారి, ఇటు పద్నాలుగేళ్ల పిల్ల. ఒక అంకె అటు, ఒక అంకె ఇటు. మధ్యలో లాయరు పేరు, దావా బెదిరింపు. సంతలో కోడెను బేరమాడే చోట నిలబడ్డవారికి తెలుసు, ఆ చూపులు ఎంత బిగువుగా ఉంటాయో. తుపాకీ యుద్ధంలో ఎవరో ఒకరు గెలుస్తారని ముందే తెలుసు, బేరంలో తెలియదు.

కాగ్‌బర్న్ కోర్టు వాంగ్మూలం మరో ఉదాహరణ. రచయిత దాన్ని అచ్చంగా కోర్టు రికార్డులా, ప్రశ్నా జవాబుల రూపంలో ఇచ్చాడు. గది వర్ణన లేదు, ముఖకవళికలు లేవు. కంటి నిండా తెల్ల కాగితం, మధ్యలో పొట్టి పంక్తులు. ఆ పేజీలు చకచకా తిరిగిపోతాయి, పోతూ పోతూ ఈ మార్షల్ ఎంతమందిని చంపాడన్న లెక్క పాఠకుడి ముందు పెడతాయి. అప్పట్లో డిప్యూటీ మార్షల్‌కు జీతం ఉండేది కాదు. అరెస్టుకు ఇంత, మైలుకు ఇంత అని బిల్లు పెట్టుకోవాలి. కాగ్‌బర్న్‌కు ఆ కాగితాల పని చేతకాదు, మ్యాటీ చేసిపెడుతుంది. సాహస నవలలో ప్రయాణ భత్యం బిల్లు! ప్రభుత్వ ఉద్యోగం చేసిన పాఠకుడెవరైనా ఇక్కడ నవ్వకుండా ఉండలేడు. ఆ బిల్లు వృథాగా రాలేదు. ఈ మనిషి ప్రతి మైలునూ డబ్బుగా చూస్తాడని, బతికున్న ఖైదీకీ చచ్చిన ఖైదీకీ ఆదాయంలో తేడా ఉంటుందని దాని వల్లే అర్థమవుతుంది. పాత్ర గురించి నాలుగు పేజీలు చెప్పవలసింది నాలుగు పద్దుల్లో తేలిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గొంతు. కథ చెబుతున్నది వయసు మళ్లిన మ్యాటీ. పెళ్లి చేసుకోలేదు, చర్చి అంటే పట్టింపు, బ్యాంకు లెక్కల్లో ఘటికురాలు. నెత్తురు కారే సంఘటననూ రొట్టె ధరనూ ఒకే స్వరంతో చెబుతుంది. తెలుగులో చాలామంది సాహస రచయితలు ఉత్కంఠ వచ్చేసరికి విశేషణాలు కుమ్మరిస్తారు, చుక్కలు పెడతారు, ఆశ్చర్యార్థకాలు వరస కడతాయి. మ్యాటీ గొంతులో అవేవీ ఉండవు. కథకురాలు కంగారు పడకపోవడం వల్ల ఆ కంగారు పాఠకుడి వంతుకు వస్తుంది. పైగా ఆమె ముసలితనంలో చెబుతోందంటే బతికి బయటపడిందని ముందే తెలిసిపోతుంది. ప్రాణభయం అన్న పాత ఆయుధాన్ని పోర్టిస్ కావాలనే వదులుకున్నాడు. బతకడానికి ఏం ఖర్చయిందన్న ప్రశ్నను మాత్రం చివరిదాకా అట్టిపెట్టుకున్నాడు.

ఆఖరి భాగంలో ఒక గుర్రపు స్వారీ ఉంది. ఎవరి కోసం, ఎందుకు అన్నది ఇక్కడ విప్పితే చదవబోయేవారికి అన్యాయం. రెండు మూడు మైళ్లకు మించి దౌడు సాగదన్న లెక్క అక్కడ అమలవుతుందని మాత్రం చెప్పవచ్చు. అప్పటిదాకా నవల గుర్రాల ధర, వయసు, గుణం గురించి అంతసేపు ఎందుకు మాట్లాడిందో ఆ పేజీల్లో తెలుస్తుంది.

అన్నీ ఒకే నడక నడవవు

ఈ రకంలో పేరున్న పుస్తకాలన్నీ ఇలా పరిగెడతాయనుకుంటే మొదటికే మోసం. 1902లో వచ్చిన ఓవెన్ విస్టర్ 'ది వర్జీనియన్' ఆధునిక వెస్టర్న్‌కు మూలపురుషుడు. రచయిత ఫిలడెల్ఫియా లాయరు, పుస్తకాన్ని తన స్నేహితుడు, అప్పటి అధ్యక్షుడు థియొడొర్ రూజ్‌వెల్ట్‌కు అంకితమిచ్చాడు. పేకాట బల్ల దగ్గర మొదట్లోనే ఒక అవమానం జరుగుతుంది. పొద్దుగూకేలోగా ఊరు విడిచిపొమ్మన్న గడువు, దాని తర్వాతి కాల్పులు వచ్చేది పుస్తకం చివర్లో. మధ్యలో వందల పేజీల పాటు టీచరమ్మతో ప్రేమ, కోడిపెట్ట మీద హాస్యకథ, పశువుల దొంగతనం, స్నేహితుణ్ని ఉరితీయవలసి రావడం. ఇది తాపీగా సాగే పుస్తకం. పగ మాత్రం అడుగున నీరులా ఉంటుంది.

1912 నాటి జేన్ గ్రే 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్' మరో దారి. దంతవైద్యం వదిలి రచయిత అయిన గ్రేకు నేల మీద పిచ్చి మమకారం. యూటా లోయలు, రాతి గోడలు, రంగు మారే పొదల వర్ణన పేజీలకు పేజీలు సాగుతుంది. ఫొటోలు అరుదైన రోజుల్లో, ఆ నేలను చూడని తూర్పు నగరాల పాఠకులకు ఆ వర్ణనే సాహసం. ఫోన్ తెర మీద ఏ లోయనైనా చూడగల నేటి పాఠకుడికి అదే చోట నడక మందగిస్తుంది. పుస్తకం మారలేదు, దాని వేగం మారింది.

1949లో వచ్చిన జాక్ షేఫర్ 'షేన్' చిన్న నవల. అందులో గుర్తుండే ఘట్టాల్లో ఒకటి, ఇద్దరు మగవాళ్లు పొలంలో మిగిలిపోయిన పాత చెట్టు మొద్దును గొడ్డళ్లతో పెకలించడం. అధ్యాయం దాదాపు అంతా అదే. తుపాకీ లేదు, శత్రువు లేడు. ఒకరి సత్తా ఒకరు మాట లేకుండా కొలుచుకుంటారు, పక్కన పిల్లవాడు చూస్తుంటాడు. తర్వాత రాబోయే ఘర్షణకు కావలసిన బలమంతా ఆ మొద్దు దగ్గరే కూడుతుంది. ఇది రాసేనాటికి షేఫర్ ఆ పడమటి నేలను చూడనే లేదు. జర్మన్ పాఠకులను ఉర్రూతలూగించిన కార్ల్ మై కూడా అంతే. 1908లో అమెరికా వెళ్లేనాటికే అతని వెస్టర్న్ కథలు ప్రసిద్ధం, వెళ్లినప్పుడూ పడమటి మైదానాల దాకా పోలేదు. ఈ కథలకు కావలసింది ప్రత్యక్ష అనుభవం కన్నా ఒప్పందమైన ఒక పటమని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఊరు, సారా దుకాణం, కొట్టం, కొండ, ఏరు. రచయితకూ పాఠకుడికీ ఆ పటం ముందే తెలుసు కాబట్టి పరిచయాలకు పేజీలు ఖర్చు కావు.

తెలుగు పాఠకుడికి కాలు తట్టుకునే చోట్లు

ఆ పటం తెలియనివారికి అదే అడ్డం. షెరీఫ్, మార్షల్, రేంజర్ ముగ్గురూ పోలీసులే కదా అనిపిస్తుంది. షెరీఫ్ కౌంటీ ప్రజలు ఎన్నుకున్నవాడు, కౌంటీ సరిహద్దు దాటితే అధికారం లేదు. టౌన్ మార్షల్ ఊరికి మాత్రమే. యు.ఎస్. మార్షల్ కేంద్ర ప్రభుత్వ మనిషి, డిప్యూటీలు అతని కింద పనిచేస్తారు. టెక్సాస్ రేంజర్ ఆ రాష్ట్రం వాడు. 'ట్రూ గ్రిట్'లో లబీఫ్ అనే రేంజర్ అదే హంతకుణ్ని టెక్సాస్‌లో చేసిన హత్యకు పట్టుకుపోవాలంటాడు, మ్యాటీ తన తండ్రి హత్యకే ఆర్కన్సాలో ఉరిపడాలంటుంది. ఈ తగువు మొండితనంలా కనిపించినా అసలు విషయం ఏ సర్కారు పరిధి అన్నదే. గుర్రం దొంగకు ఉరి ఎందుకన్నది మరో సందేహం. ఇరవై మైళ్ల ఎండలో గుర్రం పోయినవాడు నీళ్లు అందక చచ్చిపోవచ్చు. ఆ భయమే అంత కసిగా మారింది. ర్యాంచ్, లాసో, రోడియో, కొరాల్ వంటి మాటలు స్పానిష్ నుంచి వచ్చాయి. పశువులు కాసే ఈ విద్య మెక్సికో కాపరుల దగ్గర నేర్చుకున్నదే మరి.

అనువాదానికి వస్తే వాక్యం దగ్గరే చిక్కు పడుతుంది. ఇంగ్లిష్ వెస్టర్న్‌లో పొట్టి వాక్యాలు, ఒక్కోదానికి ఒక క్రియ, ఒక చుక్క. తెలుగులో వాటిని అలాగే దించితే ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది: "అతను లేచాడు. జీను వేశాడు. గుర్రం ఎక్కాడు. వెళ్లాడు." తెలుగు క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. దాని ముందు ఎన్ని పనులైనా గొలుసులా అల్లుకోవచ్చు: "లేచి, జీను బిగించి, రికాబులో కాలు పెట్టి ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు." ఊపిరి తీసుకునే చోటు లేకుండా చివరిదాకా లాక్కుపోయే ఈ కూర్పు మన భాషకు సొంతమైన దౌడు. మన బుర్రకథ చెప్పేవాళ్లు యుద్ధఘట్టంలో పట్టుకునేది ఈ గొలుసునే. నండూరి రామమోహనరావు 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'కాంచన ద్వీపం' అనువాదాలు ఇంగ్లిష్ వాసన లేకుండా నిలబడడానికి కారణం వాక్యాన్ని మన చెవికి తగ్గట్టు మళ్లీ కట్టుకోవడమే. మ్యాటీ రాస్ లాంటి గొంతుకు ఇంకో అవసరం ఉంది. చదువుకున్న, భక్తి ఉన్న, ఒక్క పైసా వదలని పెద్దమ్మ మాట తీరు. అలాంటి పెద్దమ్మలకు తెలుగు ఊళ్లలో కొదవ లేదు. చీటీపాట నడిపిన ఆవిడ కథ చెప్పినట్టు రాస్తే సగం పని అయిపోయినట్టే.

పరుగులో వదిలేసినవి

వేగానికి ఒక మూల్యం ఉంది. ఆగితే ప్రశ్నలు వస్తాయి, ఆగకపోతే రావు. వెంటాడే గుర్రం కింద ఉన్న నేల ఎవరిదన్నది వాటిలో మొదటిది. 'ట్రూ గ్రిట్' వేట సాగే కొండలు చాక్టా జాతివి. 1830లో మిసిసిపీలోని తమ సొంత భూములు వదులుకునే ఒడంబడిక మీద సంతకం పెట్టించి ఆ జాతిని అక్కడికి పంపారు. డైమ్ నవలల్లో ఇలాంటి జాతులు పొద చాటున దాక్కున్న ప్రమాదంగానే కనిపిస్తాయి. వంద పేజీల పుస్తకంలో శత్రువుకు వివరణ ఉండదు, ఉంటే పరుగు ఆగుతుంది. కథ కట్టడంలో చేసుకున్న ఈ సౌకర్యమే తరాల పాటు ఒక జాతి గురించిన అభిప్రాయంగా గడ్డకట్టింది. పోర్టిస్ పుస్తకం ఆ విషయంలో కొంత మెరుగు. అక్కడి జాతుల పోలీసులు, రైతులు కథలో మామూలు మనుషుల్లాగే వచ్చిపోతారు. అయినా కథ వాళ్ల దగ్గర ఆగదు.

పశువులు తోలిన కాపరుల్లో నల్లజాతి వాళ్లు నాలుగో వంతు దాకా ఉంటారని చరిత్రకారులు తరచు చెప్పే అంచనా. పాత వెస్టర్న్ నవలలు చదివితే ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. పార్కర్ కోర్టు కింద పనిచేసిన డిప్యూటీ మార్షళ్లలో బాస్ రీవ్స్ ఒకడు. బానిసగా పుట్టాడు, చదవడం రాదు. వారంట్లు ఎవరిచేతనో చదివించుకుని కంఠతా పట్టి ఏరు దాటేవాడు. 1875 నుంచి ముప్పై రెండేళ్లు ఆ పని చేసి వేలమందిని పట్టి తెచ్చాడు. కల్పిత కాగ్‌బర్న్ తిరిగిన దారులన్నీ నిజంగా తిరిగినవాడన్నమాట. అతని కథ విస్తృతంగా పుస్తకాల్లోకి, తెర మీదికి రావడం మొదలైంది ఇటీవలి దశాబ్దాల్లోనే.

1907లో ఇండియన్ టెరిటరీ ఓక్లహోమా రాష్ట్రంలో కలిసిపోయింది. కౌంటీలు ఏర్పడ్డాయి, ప్రతిదానికీ ఒక షెరీఫ్ వచ్చాడు. రీవ్స్ ఫెడరల్ కొలువు ఆ ఏడాదితో ముగిసింది. అరవై తొమ్మిదేళ్ల వయసులో మస్కోగీ పట్టణ పోలీసుగా చేరి, రెండేళ్లు వీధుల్లో గస్తీ తిరిగాడు.